చెల్లని నోట్లు చెప్పు చరిత్ర

డబ్బు చెల్లునంతకాలము దానిని మనము లెక్కపెట్టుదుము గాని చూడము. చెల్లుట మానిన పిమ్మటనే దానివంక తేరిపార చూతుము. ఈ దినమున నేను ముచ్చటింపదలచినది అట్టి చెల్లని డబ్బును గూర్చి. అందులోను యుద్ధకాలమునందు అవసరముకొద్ది పుట్టి, యుద్ధముతోనే గిట్టిన కాగితపు నోట్లను గూర్చి.

కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరి సాగరసంగమమునకు సమీపమునగల యొక గ్రామమున, ఒక పెద్దమనిషి నన్ను తమ యింటికి పిలిచి పాత ట్రంకుపెట్టె నొకదానిని తెరచి చూపిరి. వారి తాతగారు రంగూనులో ధాన్యపు మిల్లున పనిచేసి 1946లో స్వగ్రామము చేరిరట. పెట్టె యడుగున గుడ్డలో చుట్టిన నోట్ల కట్ట యుండెను. ఒక్కొక్క నోటు పది రూపాయలది. కట్టవిప్పి లెక్కించిన వేయి రూపాయలకు పైబడినవి. ఆ కాలమున వేయి రూపాయలనగా మంచి మాగాణి కొనదగిన సొమ్ము. "ఇవి యిప్పుడెంత చేయునండీ? ఒకరు లక్షలు చేయుననిరి, మరియొకరు పొయ్యిలో వేయుమనిరి" అని వారు నన్నడిగిరి. ఆ ప్రశ్నకు రెండు ముక్కలలో జవాబు చెప్పుట సులభమే. కాని ఆ కట్ట యెట్లు పుట్టినదో, దానిలోని విలువ యెవరి పాలయినదో చెప్పవలెనన్న కొంత దూరము పోవలసియున్నది.

నోటనగా నేమి? అది కాగితముపై అచ్చువేసిన యొక మాట. మన గ్రామములలో ప్రామిసరీ నోటు వ్రాయించుకొనువారు మొదట చూచునది కాగితమును కాదు, వ్రాసియిచ్చువాని నిలకడను. వాడెవడు, వాని యూరేది, గడువెంత, సాక్షులెవరు అని విచారింతురు. ప్రభుత్వపు నోటును మాత్రము ఎవ్వరును అట్లు విచారింపరు. పొరుగువాడు పుచ్చుకొనును గనుక మనమును పుచ్చుకొందుము. శాంతికాలమున ఆ నమ్మకము చాలును. యుద్ధకాలముననే ప్రామిసరీ నోటునకు వేయు ప్రశ్నలన్నియు ప్రభుత్వపు నోటునకును వేయవలసివచ్చును.

యుద్ధము రాగానే మొట్టమొదట మాయమగునది లోహము. జనులు వెండి నాణెములను, రాగి నాణెములను దాచుకొందురు. ప్రభుత్వములు తుపాకిగుండ్లకై రాగిని, పరదేశపు కొనుగోళ్లకై బంగారమును తమ చెంతకు తీసికొనును. అంగడిలో సరకుండును, కొనువాడుండును. నడుమ చిల్లర యుండదు. అప్పుడు పుట్టు కాగితములు మూడు తెరగులు. ముట్టడిలో చిక్కిన పట్టణములు వేసికొనినవి మొదటివి. చిల్లర కరవు తీర్చుటకై ప్రభుత్వములును, పురపాలక సంఘములును వేసినవి రెండవవి. పరదేశమున దిగిన సైన్యములు వేసినవి మూడవవి. మొదటి రెండును కష్టములోనున్నవారు తమలో తాము వ్రాసికొనిన పత్రములు. మూడవది చాలవరకు బలవంతుడు బలహీనునిచేత పుచ్చుకొనజేసిన పత్రము. ఈ భేదమును మనస్సున నుంచుకొనినయెడల తక్కిన కథ సుబోధమగును.

ముట్టడి నాణెములలో పేరొందినవి హాలెండు దేశములోని లైడెన్ పట్టణపువి. 1574లో స్పెయిను సైన్యము ఆ పట్టణమును చుట్టుముట్టియుండగా లోహము చాలక, చర్చి గ్రంథముల పుటలను అట్టగా అదిమి, దానిపై అచ్చుకొట్టి నాణెములుగా చెల్లించుకొనిరి. ప్రార్థన చేసికొను పుస్తకము రొట్టె కొనుకొను డబ్బయినది.

అంతకంటె మనకు దగ్గరి కథ సూడాను దేశపు ఖార్టూము పట్టణముది. 1884లో మహదీ సేనలు ఆ పట్టణమును ముట్టడించినప్పుడు లోపలనున్న జనరల్ గార్డన్ సిపాయీలకు జీతమిచ్చుటకు, వర్తకులకు సరకుల వెల చెల్లించుటకు నాణెములు లేక, ఏప్రిల్ 25వ తేదీతో కాగితపు నోట్లు వేయించెను. ఒక పియాస్టరు మొదలు అయిదువేల పియాస్టర్ల వరకు అవి యుండెను. ఆరు నెలల పిమ్మట ఖార్టూము ఖజానాలోగాని, కైరో ఖజానాలోగాని ఈ సొమ్ము చెల్లింపబడునని వానిపై వ్రాయించెను. మొదట నోటు నోటునకు తన చేతితో సంతకము చేసెను. చేయి యాడలేనన్ని నోట్లు కావలసివచ్చిన తరువాత సంతకపు నకలు తీయించెను. చూడుడు: వ్రాసియిచ్చినవాని పేరున్నది, గడువున్నది, చెల్లింపు స్థలమున్నది. గ్రామకరణము వ్రాసిన పత్రమువలె అన్నియు సక్రమముగ నున్నవి. కాని 1885 జనవరి 26న పట్టణము పడిపోయెను, గార్డన్ హతుడయ్యెను. సహాయసేన రెండు దినములు ఆలస్యముగ వచ్చెను. పత్రమెంత సక్రమముగ నున్నను, వ్రాసినవాని ప్రాణము, రాజ్యము నిలిచిననే గదా దానికి విలువ!

దక్షిణాఫ్రికాలోని మాఫికింగు పట్టణపు కథ వేరు దారి పట్టినది. బోయరు యుద్ధమున 1899 అక్టోబరు మొదలు 1900 మే 17 వరకు, 217 దినములు ఆ పట్టణము ముట్టడిలో నుండెను. సేనానియైన బేడెన్ పవెల్ షిల్లింగుల చీట్లు, పది షిల్లింగుల నోటు, ఒక పౌను నోటు వేయించెను. పది షిల్లింగుల నోటునకు అచ్చుదిమ్మె కావలసివచ్చినప్పుడు బంతియాట కొయ్యసుత్తిని రెండుగ కోసి, దానిపై బొమ్మ చెక్కిరట. ముట్టడి తీరిన పిమ్మట ఈ నోట్లు తెచ్చినవారికి బ్యాంకువారు నాణెము లియ్యవలెనని యేర్పాటు. కాని చాలమంది తేనే లేదు! సిపాయీలు, పురజనులు ముట్టడి జ్ఞాపకార్థమని పెట్టెలలో దాచుకొనిరి. ఈ శాస్త్రములో ఇదియొక చిత్రమైన సంగతి. జ్ఞాపకార్థము దాచుకొనిన నోటు, వేసినవానికి తీర్చనక్కరలేని అప్పు.

ఇక మన దేశపు సంగతి. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము మనవారికి డబ్బనగా వెండి రూపాయయే. తులము బరువుగల ఆ రూపాయలో పండ్రెండింట పదునొకండు పాళ్లు మేలిమి వెండి. 1861 చట్టమునుండి ప్రభుత్వపు నోట్లున్నను, అవి పట్టణములలో వర్తకుల చేతులలో తిరిగెడివి. పల్లెలలో వాని మొగము చూచినవారు కొలదిమంది. యుద్ధములో వెండి ధర పెరిగి పెరిగి, 1917 ఆగస్టు నాటికి రూపాయలోని వెండి రూపాయకంటె ఎక్కువ విలువ చేయుస్థితి వచ్చెను. కరగించినచో లాభము, కావున రూపాయలు బయటికి రాకుండ పోయెను. అప్పుడు 1917 నవంబరు 30న ప్రభుత్వమువారు ఒక రూపాయి నోటును వెలువరించిరి. 1918 ఆరంభమున రెండు రూపాయల ఎనిమిదణాల నోటు వచ్చెను. ఆ సంవత్సరముననే అమెరికా ప్రభుత్వము పిట్‌మన్ చట్టము చేసి తన ఖజానాలోని వెండిని కరగించి, సుమారు ఇరువదికోట్ల ఔన్సులు మన దేశమునకై అమ్మకున్నచో, నోటు తెచ్చినవానికి వెండి యియ్యలేక ఖజానాలు మూతపడవలసియుండెను.

ఈ చిన్న నోట్లను గ్రామస్థులు సంతోషముతో పుచ్చుకొనలేదు. వెండి రూపాయను రాతిపై మోగించి చూచు అలవాటుగలవానికి కాగితమును ఎట్లు మోగించవలెనో తెలియదు గదా! నోటు మార్చిన కొన్నిచోట్ల వట్టము పట్టిరి. వానకు తడిసినను, చెద పట్టినను, పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడినను కష్టార్జితము పోవుననుభయము న్యాయమైనదే. 1926లో ఈ రెండు నోట్ల ముద్రణము మానిరి. రెండవ ప్రపంచయుద్ధమున మరల అదే యవసరము వచ్చెను. 1940లో ఒక రూపాయి నోటు తిరిగి వచ్చెను. అదే సంవత్సరమున వెండి రూపాయలో వెండి పాలు సగమునకు తగ్గెను. 1943లో రెండు రూపాయల నోటు, రాగి పొదుపునకై నడుమ బెజ్జముగల కానియు వచ్చినవి. చిల్లర దొరకక గుజరాతు, కఠియవాడ ప్రాంతముల సంస్థానములు కొన్ని అణా, కానీ విలువలుగల అట్టముక్కలను అచ్చువేసికొనిరి.

నిజామురాజ్యమునందును కాగితపు నోటు యుద్ధపు బిడ్డయే. అక్కడ హాలీ సిక్కా వెండి రూపాయలు చెల్లుచుండెను. వెండి కరవువలననే 1918లో హైదరాబాదు సంస్థానము చట్టము చేసి తన సొంత నోట్లను వెలువరించెను. తెలంగాణములోని పాత యిండ్లలో ఈ నోట్లు నేటికిని అక్కడక్కడ దొరకుచున్నవి. 1950 తరువాతి దశకమున భారత ప్రభుత్వపు రూపాయి వాని స్థానము నాక్రమించెను.

జర్మనీ దేశమున ఇదే రోగము మరియొక రూపు దాల్చెను. 1914లో యుద్ధము మొదలుకాగానే చిల్లర మాయమై, ఊరూరను పురపాలక సంఘములు, కార్ఖానాలు తమ తమ చీట్లను అచ్చువేసికొనినవి. యుద్ధము ముగిసిన పిమ్మట వానిని సేకరించువారు పెరుగుటచే, 1920 మొదలు కొన్ని పట్టణములు తమ యూరి కథలను బొమ్మలుగ వేసి, వాడుకకు గాక సేకరించువారికి అమ్ముటకే నోట్లు వేసినవి. బీలెఫెల్డు అను నేతపట్టణము పట్టుగుడ్డపై నోట్లు వేసెను. ఆ వినోదము వెనుకనే విషాదము వచ్చెను. 1923 నవంబరు నాటికి ఒక అమెరికా డాలరునకు నాలుగు లక్షల ఇరువదివేల కోట్ల మార్కులు. జీవితకాలమంతయు కూడబెట్టిన సొమ్ము ఒక తపాలాబిళ్లకైన చాలకపోయెను. ఆ నెలలోనే వెలువడిన క్రొత్త మార్కునకు పాత మార్కులు లక్షకోట్లు ఒకటిగ కట్టిరి.

ఇంతవరకు చెప్పినవి తమకు తాము వ్రాసికొనిన పత్రములు. ఇప్పుడు మూడవ తెరగునకు, ఆ ట్రంకుపెట్టెలోని కట్టకు వత్తము.

బర్మాకును తెలుగుదేశమునకును గల సంబంధము మన తీరవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున తెలుగువారిని అచ్చట కోరంగీలనుచుండిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల కూలీలు రంగూను రేవులో మూటలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. 1931 జనాభాలెక్కల ప్రకారము బర్మాలో పదిలక్షలకు పైగా భారతీయులుండిరి. రంగూను నగరపు నాలుగులక్షల జనములో సగముకంటె ఎక్కువమంది మనవారే. 1937లో బర్మా భారతదేశమునుండి వేరయినను, దాని నోట్లను మన రిజర్వు బ్యాంకే వేయుచుండెను. అవి బర్మాలో మాత్రమే చెల్లునని వానిపై నుండెను.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942 మార్చి 8న నగరము జపాను సేనల వశమయ్యెను. ఈ నడుమను, ఆ పిమ్మటను సుమారు అయిదులక్షల భారతీయులు బర్మా విడిచిరి. ఓడలలో చోటు దొరకినవారు కొందరు. అరకాను కొండలు, మణిపురపు అడవులు కాలినడకను దాటినవారు తక్కినవారు. కలరాతోను, ఆకలితోను దారిలో రాలిపోయినవారు వేలకొలది. ఆ నడక కథలు మన తీరగ్రామములలో నేటికిని వినబడుచున్నవి. బయలుదేరలేక అచ్చటనే చిక్కుకొనినవారి కథ అంతగా వినబడదు. ఆ తాతగారు అట్టివారిలో నొకరు.

జపాను సైన్యము తాను పట్టుకొనబోవు దేశమునకు తగిన నోట్లను ముందుగనే సిద్ధముచేసికొని వచ్చెను. బర్మాకు రూపాయలు, మలయాకు డాలర్లు, ఫిలిప్పైనులకు పెసోలు. ఏ దేశపు నోటో తెలియుటకై వానిపై ఇంగ్లీషు అక్షరములు గుర్తులు: బర్మాకు 'బి', మలయాకు 'యమ్', ఫిలిప్పైనులకు 'పి'. బర్మా చిల్లర నోట్లపై అణాలు లేవు, సెంట్లున్నవి. మన రూపాయకు పదియారణాలు పోయి నూరు పైసలు వచ్చుటకు పదునైదేండ్ల ముందరిమాట ఇది. మలయా పది డాలర్ల నోటుపై అరటిచెట్టుండుటచే జనులు ఆ డబ్బునంతటిని అరటి డబ్బనిరి.

నోటుపై జపాను ప్రభుత్వమను పేరును, అడిగినంతనే చెల్లింతుమను మాటయు ఇంగ్లీషున నున్నవి. ఏ యూరి ఖజానాలో చెల్లింతురో లేదు. ఏ నాణెమున చెల్లింతురో లేదు. అధికారి సంతకము లేదు. జపాను లిపిలో చిన్న ముద్రమాత్ర మున్నది. గార్డన్ నోటుతో దీనిని పోల్చి చూడుడు. అక్కడ పత్రము సక్రమము, వ్రాసినవాడు నిలువలేదు. ఇక్కడ వ్రాసినవాడు బలవంతుడు, పత్రములో మాటయే బోలు. మలయా నోట్లపై మొదట వరుస సంఖ్యలుండెడివి. తరువాత అవియు మానిరి. ఎన్ని నోట్లు వేసిరో లెక్క తెలియగోరనివాడు సంఖ్య యెందుకు వేయును?

ఈ నోటు చేయు పని యేమో విచారింతము. సైన్యమునకు బియ్యము కావలెను, ఎడ్లు కావలెను, కూలీలు కావలెను. ఊరకే లాగికొనిన దోపిడి యందురు. నోటిచ్చి పుచ్చుకొనిన కొనుగోలందురు. పుచ్చుకొననన్నవానికి దండన యున్నది. రైతు ధాన్యము పోయెను, వాని చేత కాగితము మిగిలెను. ఆ కాగితముతో కొనుటకు బట్ట లేదు, ఉప్పు లేదు, మందు లేదు. యుద్ధమువలన ఓడలు రావు. సరకు తగ్గుచు నోట్లు పెరిగిన ధరలు పెరుగక యేమగును? 1944లో బర్మాలోను, మలయాలోను నూరింటి నోట్లు వచ్చెను. 1945లో మలయాకు వేయి డాలర్ల నోటు వచ్చెను. పెద్ద నోటు పుట్టుట ప్రజలు ధనవంతులగుటకు గుర్తు కాదు. తరచి చూచిన ఇదియొక పన్ను. దీనికి వసూలుచేయు కరణము లేడు, శిస్తు పట్టిక లేదు, రశీదు లేదు, నోటే రశీదు.

మలయాలోని రబ్బరుతోటల కూలీలలో తమిళులు హెచ్చు, తెలుగువారును గలరు. 1942, 1943 సంవత్సరములలో సయాముబర్మాల నడుమ రైలుమార్గము వేయుటకు ఈ తోటలనుండి జనులను తరలించిరి. దినకూలి యొక డాలరని ఆశచూపిరి. ఆ డాలరు అరటి డాలరే. ఆ అడవులలో జ్వరములకు, తిండిలేమికి బలియైనవారు వేలకువేలు. తిరిగివచ్చినవారి మొలకట్టులలో మిగిలినది ఈ కాగితము.

1945 మే నెలలో బ్రిటిషు సైన్యము రంగూను చేరెను. సైనిక పరిపాలకులు మన భారతదేశపు నోట్లపైననే, బర్మాలో మాత్రము చెల్లునని అదనముగ అచ్చువేయించి చెలామణిలోనికి తెచ్చిరి. జపాను నోట్లు చెల్లవని ప్రకటించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో మలయాలోను అట్లే జరిగెను. అధికారుల వాదమును మనము న్యాయముగ చెప్పుకొనవలెను: శత్రువు లెక్కలేక వేసిన కాగితమును తాము పుచ్చుకొనిన, శత్రువు అప్పును తాము తీర్చినట్లగును, దోపిడిలో చేతులు కలిపి కూడబెట్టినవానికిని మేలు చేసినట్లగును. వాదము బలమైనదే. కాని కట్టలు దాచినవాడును, రెక్కలముక్కలు చేసికొని కూలి దాచినవాడును ఆ దినమున ఒకే తక్కెడలో తూగిరి.

అప్పుల సంగతి వచ్చినప్పుడు చిక్కు మరింత ముదిరెను. ఇది మన గ్రామపెద్దలు శ్రద్ధగ వినదగినది. యుద్ధమునకు పూర్వము మంచి డాలర్లు అప్పుతెచ్చిన మలయావాసి, 1945లో అరటి డాలర్లు మోపుగ తెచ్చి ఋణము తీర్చెననుకొనుడు. ఋణము తీరినట్లా, తీరనట్లా? వద్దనుటకు ఋణదాతకు ధైర్యము లేదు, జపాను డబ్బును కాదనుట నేరము. తీరదందమా, రైతు తన ధాన్యమునకు ఆ డబ్బునే పుచ్చుకొనెను గదా! దీనికై 1948లో అచ్చట ఋణదాతల, ఋణగ్రస్తుల చట్టమొకటి చేసి, ఏ నెలలో జపాను డాలరు అసలు డాలరులో ఎంత పాలు చేయునో పట్టిక కట్టిరి. తొలిదినములలో ఇంచుమించు సమానమైనది, యుద్ధాంతమునకు శూన్యప్రాయమయ్యెను. మానవుల నడుమ కలిగిన నష్టమును నెలలవారీగ పంచిన ఆ పట్టిక, యుద్ధపు నోటు చరిత్రను చెప్పు గొప్ప సాక్ష్యము.

నోటు వేసినవానిని అడుగరాదా యందురేమో. అడిగినవారు కలరు. హాంకాంగు నగరమున జపానువారు సైనిక యెన్ అను నోట్లను ప్రవేశపెట్టి, 1942లో మొదట రెండు హాంకాంగు డాలర్లకు ఒక యెన్, పిదప నాలుగు డాలర్లకు ఒక యెన్ చొప్పున మార్చుకొనుమని శాసించిరి; 1943లో డాలరు దగ్గరనుంచుకొనుటయే నేరమనిరి. 1945లో ఆ యెన్ చెల్లకపోయెను. 1968లో ఆ నోట్లుగలవారు సంఘముగ కూడిరి. 1993లో టోకియో న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 1999లో న్యాయస్థానమువారు, వారికి కలిగిన కష్టము నిజమే గాని పరిహారమిప్పించుటకు చట్టము లేదని కొట్టివేసిరి. బర్మాకు 1954 ఒప్పందము ప్రకారము జపాను ఇరువదికోట్ల డాలర్ల విలువగల వస్తువులను, సేవలను నష్టపరిహారముగ నియ్యనంగీకరించెను. అది ప్రభుత్వమునకును ప్రభుత్వమునకును నడుమ తీరిన లెక్క. నోటు తెచ్చినవానికి రూపాయి నిచ్చు యేర్పాటు కాదు. మన దేశము 1952 సంధిలో పరిహారపు హక్కును తానే విడిచెను. రాజ్యములు ఒకదానినొకటి క్షమించుకొనును. ఆ తాతగారి కూలి యెవరి ఖాతాలోను లేదు.

ఇది జపానువారి యొక్కరి దోషమనుకొనరాదు. ఇటలీ, జర్మనీ దేశములలో దిగిన మిత్రరాజ్యముల సైన్యములును తమ తమ సైనిక నోట్లను తెచ్చినవి. 1946 మొదలు 1973 వరకు అమెరికా సైన్యము పరదేశములలోని తన సిపాయీలకు జీతము చీట్లలో నిచ్చెను. దొంగవ్యాపారము నరికట్టుటకై, ముందుగ చెప్పకుండ ఒక దినమున శిబిరద్వారములు మూసి పాత చీట్లకు క్రొత్త చీట్లు మార్చెడివారు. సిపాయీలకు నష్టము లేదు. ద్వారము బయటనున్న చాకలివాని చేతిలోను, అంగడివాని చేతిలోను ఉన్న చీట్లు ఆ సాయంకాలమునకు చిత్తుకాగితములు. ఆ చీట్లు పుచ్చుకొనరాదని నిబంధన యున్నమాట నిజము. అయినను బట్టలుదికినమాటయు నిజమే గదా.

ఇక సేకరణను గూర్చి కొంచెము. ఇట్టి నోట్లు మీ యింటి పెట్టెలలో, పుస్తకముల నడుమ, పాత దస్తావేజుల కట్టలలో దొరకవచ్చును. దొరకినప్పుడు తొందరపడకుడు. ముడుతలు పోవునని ఇస్త్రీ చేయరాదు; మురికి పోవునని కడుగరాదు. చినిగినచోట జిగురు కాగితము అంటింపరాదు. ఆ జిగురు కొంతకాలమునకు పసుపువారి కాగితమును తినివేయును. వేడియంత్రముతో ప్లాస్టికుపొర అంటించుట అన్నిటికంటె చెరుపు. మరల తీయుటకు వీలుకాదు. మెత్తని చవుక ప్లాస్టికు సంచులు కాలక్రమమున జిడ్డు కారును. శుభ్రమైన పాలియెస్టరు సంచియైనను, ఆమ్లములేని కాగితపు కవరైనను మేలు. తేమ, ఎండ, చెద తగులని చోట నుంచిన చాలును.

వెల సంగతి. జపానువారి బర్మా, మలయా నోట్లు కోట్లకొలదిగ అచ్చుపడి, చెల్లక మిగిలిపోయినవి గనుక నేడు సులభముగ దొరకును. సామాన్యమైన నోటు వెల స్వల్పము. లక్షలు చేయునని చెప్పి మీచేత ముందుగ రుసుము కట్టింపజూచువానిని నమ్మకుడు. మన దేశపు రెండున్నర రూపాయల నోటు, హైదరాబాదు సంస్థానపు పెద్ద నోట్లు, గార్డన్ స్వహస్తముతో సంతకముచేసిన నోట్లు అరుదైనవి. అట్టివి దొరకిన తెలిసినవారికి ఇద్దరు ముగ్గురికి చూపక అమ్మకుడు. అరుదైన నోట్లకు నకళ్లును గలవని మరువకుడు.

నోటుకంటె ముఖ్యమైనది ఇంకొకటి కలదు. అది ఎవరి చేత, ఎచ్చటినుండి, ఏ సంవత్సరమున ఇంటికి వచ్చెనో యొక కాగితముపై వ్రాసి దానితోకూడ నుంచుడు. ఊరు, పేరు, చేసిన పని, తిరిగివచ్చిన దారి, తెలిసినంతవరకు వ్రాయుడు. అంగడిలో కొనిన నోటునకు వెలయే యుండును. ఈ వ్రాతగల నోటునకు వెలతోపాటు చరిత్ర యుండును. చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు గనుక ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు.

ఆ గ్రామపు పెద్దమనిషితో నేను ఈ మాటలే చెప్పి, కట్టను మరల చుట్టబోవుచుండగా నోట్ల నడుమనుండి చిన్న కాగితమొకటి జారిపడెను. దానిపై పెన్సిలుతో తెలుగు అంకెలలో నెలలవారీ లెక్క యున్నది. ఒక వరుసలో నెల కూలి, ప్రక్కనే బస్తా బియ్యపు వెల. కూలి అంకె మెల్లగ పెరిగినది; బియ్యపు అంకె దానిని దాటి, పిదప రెండింతలై, పదింతలై పోయినది. చివరి మూడు నెలలకు కూలి వ్రాసియున్నది గాని బియ్యపు గడి ఖాళీ. అడిగినంతనే చెల్లింతుమని అచ్చువేసిన కాగితముల నడుమ, చదువు అంతంతమాత్రమైన యొక కూలివాడు వ్రాసికొనిన ఆ చిన్న లెక్క యొక్కటే నిజమైన పత్రము.

"ఇవి యెంత చేయునండీ?" అను ప్రశ్నకు అప్పుడు నేను చెప్పిన జవాబు ఇది: నోట్లను అమ్మిన ఒక పూట సంతర్పణకైన చాలవు, ఆ లెక్క కాగితమును మాత్రము ఎవ్వరెంత యిచ్చెదమన్నను ఇయ్యకుడు. వారు కొంతసేపు మాటలాడక, మనుమని పిలిచి, తాతగారి పేరును, వారు పనిచేసిన మిల్లు సంగతియు వ్రాయుమని కాగితము, కలము చేతికిచ్చిరి.